మా బర్నర్లు కొన్నవాళ్లకు, ఈ చలికాలం కొందామనుకుంటున్నవాళ్లకు

అందరికీ నమస్తే.

దసరా అయిపోయింది, ఫోన్లు మొదలయ్యాయి. "మేడం, టెర్రస్ మీదకు ఆ పొగ రాని మంట కావాలి" అని రోజుకు నలుగురైనా అడుగుతున్నారు. ఆర్డర్లు తీసుకునే ముందు ఈసారి కొన్ని సంగతులు చెప్పాలి. మా వైపు నుంచి రెండు తప్పులు జరిగాయి. ఒకటి మాటలో, రెండోది చేతల్లో.

మాటలో జరిగింది ముందు చెబుతాను. మేం బయోఇథనాల్ (చెరకు, మొక్కజొన్న లాంటి పంటల నుంచి తీసే స్పిరిట్, అంటే ఇథనాల్) పోసి వెలిగించే బర్నర్లు చేయడం మొదలుపెట్టినప్పటి నుంచి మా బ్రోచర్‌లో "200 చదరపు అడుగుల టెర్రస్‌ను వెచ్చగా ఉంచుతుంది" అని ఉంది. ఆ లెక్క మేం కట్టింది కాదు. గది లోపల వాడే బర్నర్ గురించి ఒక విదేశీ కేటలాగులో రాసి ఉంటే చూసి దించేశాం. గదికి గోడలుంటాయి, కప్పు ఉంటుంది. హైదరాబాద్ శివారు కొంపల్లిలో మూడో అంతస్తు పైన ఆకాశం తప్ప ఏముంటుంది?

దీన్ని పట్టుకుంది మా అత్తమ్మ. వాళ్లది ఆదిలాబాద్ వైపు. చలి గురించి ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు. పోయిన జనవరిలో మా టెర్రస్ మీద పెద్ద మోడల్ వెలిగించి, పక్కనే కుర్చీ వేసి కూర్చోబెట్టాను. మెచ్చుకుంటుందనే కూర్చోబెట్టాను. పది నిమిషాలైనా శాలువా తీయలేదు. చేతులు చాచి మంట పక్కన పెట్టింది. తర్వాత మంట పైన పెట్టి చటుక్కున వెనక్కి లాక్కుంది. "పైన కాలుతుంది, పక్కకేం లేదు. ఇది కుంపటి కాదు బిడ్డా, దీపం" అంది.

ఆ మాటకు ఉక్రోషం వచ్చి మర్నాడు కూర్చుని లెక్క కట్టాను. లీటరు ఇథనాల్ కాలితే, కరెంటు బిల్లు భాషలో చెప్పాలంటే, దాదాపు 5.9 యూనిట్ల వేడి వస్తుంది. మా పెద్ద బర్నర్ గంటకు అర లీటరు తాగుతుంది. అంటే 3 కిలోవాట్లకు కొంచెం తక్కువ. రెండు రాడ్ల రూమ్ హీటరు ఇచ్చేది 2 కిలోవాట్లే. కాగితం మీద మనదే పైచేయి. కానీ ఈ వేడిలో ఎక్కువ భాగం వేడిగాలి రూపంలో నేరుగా పైకి పోతుంది. గదిలో అయితే కప్పు దాన్ని ఆపుతుంది. ఆరుబయట ఆపేదేమీ లేదు. కుంపట్లో నిప్పులు కణకణలాడుతూ సెగను పక్కలకు కొడతాయి. కట్టెల మంటలో మసి రేణువులు కూడా ఎర్రగా మెరుస్తూ సెగ ఇస్తాయి. ఇథనాల్ మంటలో మసి దాదాపు ఉండదు. పొగ రాకపోవడానికి కారణం అదే, సెగ తక్కువ కావడానికీ అదే. "పొగ రాదు" అని మేం గొప్పగా చెప్పుకునే గుణమే చలి కాచుకునేవాళ్లకు లోటు.

కాబట్టి బ్రోచర్ మార్చాం. ఇప్పుడు అందులో ఉన్నది ఇదీ: గాలి తగలని చోట, మూడు నాలుగడుగుల లోపు కూర్చున్న ఇద్దరు ముగ్గురికి కాస్త వెచ్చదనం, మంచి వెలుగు. అంతే. చుట్టూ గాజు పలకలు పెట్టిస్తే మంట రెపరెపలాడదు, నిజమే. కానీ ఆ గాజు కొంత సెగను కూడా ఆపేస్తుందని గుర్తుంచుకోండి. కేఫ్ బయట పది టేబుళ్లు వెచ్చగా ఉండాలనేవాళ్లకు ఎలక్ట్రిక్ ఇన్‌ఫ్రారెడ్ హీటర్లు కొనుక్కోమని చెబుతున్నాం. అవి మేం అమ్మం. ఆ బేరం పోతే పోనివ్వండి.

ఇక రెండోది. ఇది రాయాలంటే ఇప్పటికీ చెయ్యి ఆడటం లేదు.

పోయిన డిసెంబరులో మొయినాబాద్ వైపు ఒక ఫామ్‌హౌస్‌లో ఫంక్షన్‌కు నాలుగు బర్నర్లు పెట్టాం. సాయంత్రం నాలుగున్నర. ఇంకా ఎండ ఉంది. ఒక బర్నర్ ఆరిపోయిందనుకుని మా కుర్రాడు ఐదు లీటర్ల క్యాన్ ఎత్తి పోశాడు. అది ఆరలేదు. సన్నని నీలి మంట పగటి వెలుతురులో కనబడదు. మంట ధార పట్టుకుని క్యాన్ మూతిదాకా వచ్చింది. అతను క్యాన్ విసిరేశాడు. గడ్డి అంటుకుంది, కుడి చెయ్యి మణికట్టుదాకా బొబ్బలెక్కింది. అతిథులు దూరంగా ఉండటం మా అదృష్టం. వైద్యం ఖర్చు, ఇంట్లో ఉన్న నెల జీతం మేమే ఇచ్చాం. అలా ఇచ్చామని చెప్పుకోవడానికి కూడా సిగ్గుగానే ఉంది, ఎందుకంటే ఆ క్యాన్ చేతికిచ్చింది మేమే. ఎలా పోయాలో సరిగ్గా నేర్పనిదీ మేమే.

ఇంట్లో పెద్దవాళ్లున్నవాళ్లు ఒక్క సంగతి జాగ్రత్తగా వినండి. స్టవ్ వెలుగుతుండగానే గరాటు పెట్టి కిరోసిన్ పోసిన చేతులు మనవి. కిరోసిన్ 35 డిగ్రీలు దాటితే గానీ అంటుకునేంత ఆవిరి ఇవ్వదు. ఇథనాల్‌కు 17 డిగ్రీల లోపే చాలు. డిసెంబరు మధ్యాహ్నం కూడా హైదరాబాద్ అంతకంటే వెచ్చగానే ఉంటుంది. అంటే సగం ఖాళీ అయిన క్యాన్‌లో మంటకు సిద్ధంగా ఆవిరి ఉందన్నమాట. మంట లోపలికి వెళ్తే ఆ క్యాన్ నిప్పులు కక్కే గొట్టం అవుతుంది, ఎదురుగా ఎవరుంటే వాళ్ల మీదకు.

ఈ ప్రమాదం మన ఒక్కళ్లదే కాదు. అమెరికాలో వినియోగదారుల భద్రతా కమిషన్ 2024 డిసెంబరులో ఇలాంటి స్పిరిట్ మంట గిన్నెలు వాడొద్దని హెచ్చరించింది. 2019 నుంచి ఇద్దరు చనిపోయారని, కనీసం 60 మంది గాయపడ్డారని చెప్పింది. ఆస్ట్రేలియాలో 2017 నుంచి కచ్చితమైన నిబంధన ఉంది: ఒక చోట బిగించనిదైతే కనీసం 8 కిలోల బరువు, 900 చదరపు సెంటీమీటర్ల అడుగుభాగం ఉండాలి. మేం అమ్మిన చిన్న టేబుల్ గిన్నె బరువెంతో తెలుసా? కిలో ఎనిమిది వందల గ్రాములు. పిల్లాడి మోచెయ్యి తగిలినా ఒరిగిపోతుంది.

ఆ గిన్నె ఆపేశాం. ఇప్పటికే కొన్నవాళ్ల దగ్గర నుంచి వెనక్కి తీసుకుని, కట్టిన డబ్బు మొత్తం ఇస్తాం. బిల్లు పోయినా ఫర్వాలేదు, గిన్నె అడుగున మా ముద్ర ఉంటే చాలు. పెద్ద మోడళ్లు ఇప్పుడు బాలానగర్‌లో మందం పెంచిన 304 రకం స్టెయిన్‌లెస్ స్టీల్‌తో చేయిస్తున్నాం. ట్రేలో సిరామిక్ ఊలు కూరుతున్నాం. బర్నర్ ఒరిగినా ఇంధనం ఒక్కసారిగా ఒలికిపోకుండా అది పట్టి ఉంచుతుంది. వీటి ధర రెండు వేలు పెరిగింది.

పాత కస్టమర్లందరికీ ఇంధనం పోసుకునే కొత్త జగ్గు ఉచితం. దాని మూతిలో సన్నటి లోహపు జాలీ ఉంటుంది. మంట దాన్ని దాటబోతే వేడి జాలీకి పోయి ఆరిపోతుంది. బొగ్గు గనుల్లో గ్యాస్ చూడటానికి పట్టుకెళ్లే సేఫ్టీ ల్యాంపులో ఉన్నదీ ఈ ఉపాయమే, సింగరేణి వైపు వాళ్లకు నేను చెప్పేదేముంది. అయితే జగ్గు వచ్చింది కదా అని మంట మీద పోయకండి. మూత పెట్టి ఆర్పాలి, 45 నిమిషాలు ఆగాలి. ట్రేను అరచేత్తో పట్టుకోగలిగేంత చల్లారాకే పోయాలి. బర్నర్‌లో మంట పెద్దదైతే నీళ్లు కుమ్మరించకండి. మండే ద్రవం చిమ్మి బయటికొస్తుంది. మూత వేయండి, లేదంటే మంటలార్పే డ్రై పౌడర్ సిలిండర్ వాడండి.

ఇంధనం ధర కూడా పెరిగింది. లీటరు 280 ఉండేది, ఇప్పుడు 340. అంటే పెద్ద బర్నర్‌కు గంటకు 170 రూపాయలు. స్పిరిట్ నిల్వ ఉంచడం ఎక్సైజ్ లైసెన్సులతో ముడిపడిన పని. పారిశ్రామిక ఆల్కహాల్ (తాగడానికి కాని స్పిరిట్) మీద కూడా రాష్ట్రాలకు అధికారం ఉందని సుప్రీంకోర్టు 2024 అక్టోబరులో తేల్చింది. అందుకే పెద్ద డ్రమ్ములు మానేసి, లైసెన్సు ఉన్నవాళ్ల దగ్గర సీలు వేసిన లీటరు సీసాలే తెప్పిస్తున్నాం. ధర చూసి పెయింట్ షాపులో దొరికే పాలిష్ స్పిరిటో థిన్నరో పోయకండి. అందులో మిథనాల్ (విషపు స్పిరిట్) ఎంత కలిసిందో తెలియదు. కళ్లు మండుతున్నాయని ఫోన్ చేసిన ఇద్దరూ పోసింది అదే.

"పర్యావరణానికి మంచిదే కదా?" అని అడిగేవాళ్లకు: పొగ లేదన్నది నిజం. కాలుష్యమే లేదన్న మాట మాత్రం తీసేశాం. లీటరు కాలితే కిలోన్నర కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అది చెరకో మొక్కజొన్నో పెరుగుతూ పీల్చుకున్నదే అనొచ్చు, కానీ పంటకు నీళ్లు, ఎరువులు, ఫ్యాక్టరీ ఉత్తినే రావు. 2024 నవంబరులో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని జనం రోడ్డెక్కింది మా అత్తమ్మ వాళ్ల ఊరికి ఎంతో దూరం కాదు. ఆమె ముందు కూర్చుని పచ్చని ఇంధనం అనడానికి నాకు నోరు రాలేదు.

లంబసింగి, అరకు వైపు క్యాంపులు నడిపేవాళ్లకు ఒక్క మాట. రాత్రి చలి ఎంత కొరికినా టెంటు లోపలికి బర్నర్ తీసుకెళ్లనివ్వకండి. అది లోపలి ఆక్సిజన్ తినేస్తుంది, గుడ్డ అంటుకుంటే బయటపడే దారి ఉండదు. అక్కడ బయట నెగడు వేసి, దాని చుట్టూ కూర్చోబెట్టడమే మేలు. కస్టమర్లు అలిగితే దుప్పట్లివ్వండి.

గిన్నెలు వెనక్కి తీసుకోవడం, జగ్గులు ఇవ్వడం సోమవారం నుంచి. నగరంలో అయితే మావాళ్లే వస్తారు, బయటి ఊళ్లకు కొరియర్ ఖర్చు మాదే. గిన్నెలో ఇంధనం మిగిలి ఉంటే మీరు సింకులో పారబోయకండి, కొరియర్‌కూ ఇవ్వకండి. మూత వేసి, వంటింటికి దూరంగా నీడలో పెట్టి ఫోన్ చేయండి, ఏం చేయాలో మేం చెబుతాం. నగరంలో వాటిని ఖాళీ చేయడానికి వచ్చేది ఆ కుర్రాడే. చెయ్యి మానింది. ఆ పని తనే చేస్తానని అడిగి మరీ తీసుకున్నాడు.