మేత సంచిపై ప్రోటీన్ శాతం ఒక్కటే చాలదు

సంపాదకులకు నమస్కారం.

చేపల సాగు ఖర్చులో సగానికి పైగా మేతకే పోతుంది. ఆ మేతను రైతు ఎంచుకునేది మాత్రం సంచిపై ముద్రించిన ‘ముడి ప్రోటీన్’ శాతాన్ని చూసే. ఆ అంకె మేత నాణ్యతను చెప్పదన్న సంగతి మన తిరుపతి, చిత్తూరు జిల్లాల రైతులకు తెలియవలసి ఉంది.

ప్రయోగశాలలో సాధారణంగా కొలిచేది ప్రోటీన్‌ను కాదు, నత్రజనిని. 1883లో డెన్మార్క్ శాస్త్రవేత్త కెల్డాల్ రూపొందించిన పద్ధతిలో నత్రజనిని లెక్కగట్టి, 6.25తో హెచ్చవేసి ప్రోటీన్ ఇంత అంటారు. ఆ నత్రజని చేప కండగా మార్చుకోగల పదార్థం నుంచి వచ్చిందా, యూరియా నుంచి వచ్చిందా అన్నది ఆ లెక్కలో తేలదు. యూరియాలో నత్రజని 46 శాతం కనుక, 25 శాతం ప్రోటీన్ ఉన్న క్వింటా మేతలో ఒక్క కిలో యూరియా కలిసినా ఆ అంకె 27 దాటుతుంది.

కల్తీ లేని మేతలోనూ చిక్కు ఉంది. ప్రోటీన్‌కు ముడిసరుకైన అమైనో ఆమ్లాల్లో పది అత్యవసరమైనవి చేపకు మేత ద్వారానే అందాలి. మన ప్రాంతంలో బాగా వాడుకలో ఉన్న వేరుశనగ చెక్కలో ప్రోటీన్ 40 శాతం దాటినా ఆ పదింటిలోని లైసిన్, మెథియోనిన్ తక్కువ. బూజు పడితే అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం భయం వేరే. సోయా చెక్కకు వేడి చాలకపోతే అందులోని ట్రిప్సిన్ నిరోధకాలు జీర్ణాన్ని అడ్డుకుంటాయి, వేడి మితిమీరితే లైసిన్ చేపకు దక్కదు. కోడి ఈకల పొడిలో ప్రోటీన్ శాతం ఘనంగానే కనిపిస్తుంది గాని, సరిగా ఉడికించని కెరాటిన్ (ఈకల్లోని గట్టి ప్రోటీన్) చేపకు అరగదు. అరగనిది చెరువు అడుగున కుళ్లుతుంది. అరిగినా అమైనో ఆమ్లాల పొందిక కుదరకపోతే కండగా మారకుండా మొప్పల ద్వారా అమ్మోనియాగా నీటిలో చేరుతుంది. చేప ఎదగక, నీరు చెడి నష్టపోయిన రైతును పట్టుకుని, చెరువు నిర్వహణ చేతకాలేదని తేల్చేయడం ఎంతో అన్యాయం.

పెప్సిన్ అనే జీర్ణ ఎంజైమ్‌తో జీర్ణయోగ్యతను, పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంతో సోయా చెక్కకు తగిన వేడి తగిలిందా లేదా అన్నదానిని పరీక్షించే పద్ధతులు ఎప్పటి నుంచో ఉన్నాయి. అమైనో ఆమ్లాల విశ్లేషణ ఖరీదైనది. ఒక్కో రైతు భరించలేడు, ప్రభుత్వం భరించగలదు. 2020లో రాష్ట్రం చేపల మేత నాణ్యత నియంత్రణ చట్టాన్ని తెచ్చింది. దాని కింద సంచిపై లైసిన్, మెథియోనిన్, జీర్ణయోగ్యత శాతాలను తెలుగులో ముద్రించడం తప్పనిసరి చేయాలని, నమూనాలను కంపెనీ గేటు వద్ద కాక డీలర్ల దుకాణాల్లోని సంచుల నుంచే తీయాలని, ఫలితాలను రైతు సేవా కేంద్రాల్లో ప్రదర్శించాలని మత్స్యశాఖను కోరుతున్నాను.

— ఒక చేపల రైతు, నాయుడుపేట, తిరుపతి జిల్లా