వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి ఒక తలసేమియా పాప తండ్రి బహిరంగ లేఖ

మంత్రి గారూ, నమస్కారం.

మా పాపకి వేళకి రక్తం దొరకడం లేదని ప్రజావాణిలో అర్జీ పెట్టుకున్నాం. రసీదు చేతికొచ్చింది, జవాబు మాత్రం రాలేదు. అందుకే ఇలా అందరి ముందూ రాయాల్సి వస్తోంది.

తలసేమియా అంటే ఒంట్లో రక్తం సరిగా తయారుకాని జబ్బు, అందుకే మా పాపకి మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఎప్పుడు ఎక్కించాలో, ఏ గ్రూపో ఆసుపత్రికి ముందే తెలుసు. అయినా ప్రతిసారీ ఆఖరి నిమిషంలో ఉరుకులు పరుగులే. ఏ బ్లడ్ బ్యాంకులో ఎంత రక్తం ఉందో చూపే ప్రభుత్వ వెబ్‌సైట్ ఈ-రక్తకోశ్‌లో స్టాక్ ఉన్నట్టే చూపిస్తుంది. ఫోన్ చేస్తే అయిపోయిందంటారు. ఇంకోచోట "ముందు డోనర్‌ని తీసుకురండి" అంటారు. బదులు రక్తం అడిగే పద్ధతిని మాన్పించాలని 2002 జాతీయ రక్త విధానంలోనే రాసుకున్నారు కదా సార్! మా చుట్టాల్లో, ఆఫీసులో ఇవ్వగలిగిన వాళ్లంతా ఇచ్చేశారు. మగవాళ్లు మళ్లీ ఇవ్వాలంటే మూడు నెలలు, ఆడవాళ్లయితే నాలుగు నెలలు ఆగాలి. ఇంకెవర్ని బతిమాలను?

మొన్న ఎండాకాలంలో ఆసుపత్రి వాళ్లు పాప రక్తం శాంపిల్ గొట్టం నా చేతికిచ్చి, నారాయణగూడ వైపు బ్లడ్ బ్యాంకుకి వెళ్లి రక్తం మీరే తెచ్చుకోండి అన్నారు. మా తమ్ముడు బండి నడుపుతుంటే థర్మకోల్ డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. లక్డీకాపూల్‌లో ట్రాఫిక్ ఆగిపోయింది. ఐస్ కరిగి డబ్బా అడుగు నుంచి నీళ్లు కారుతున్నాయి, నా ప్యాంటు తడిసిపోయింది. ఎర్ర కణాల సంచిని దారిలో 10 డిగ్రీలు దాటనివ్వకూడదంటారు. లోపల ఎంతుందో చూడ్డానికి నా దగ్గర ఏముంది? ఆ సంచి పాపకి ఎక్కుతున్నంత సేపూ భయంతో దాని మొహమే చూస్తూ కూర్చున్నాను. ఈ పని తండ్రులు చేయాల్సిందేనా?

రక్తం ఇచ్చేవాళ్లకి ఈ నగరంలో కొదవ లేదు. నాయకుల పుట్టినరోజు వస్తే గల్లీకో శిబిరం. ఒక్కరోజే వందల మంది ఇచ్చేస్తే, ఎర్ర కణాలు నిల్వ ద్రావణం కలిపినా 42 రోజులే ఉంటాయి, ప్లేట్‌లెట్లు 5 రోజులే. ఏప్రిల్, మే వచ్చేసరికి కాలేజీలు మూతపడతాయి, అక్కడి శిబిరాలూ ఆగిపోతాయి, ఫ్రిజ్‌లు ఖాళీ. వానలకి డెంగీ మొదలైతే ప్లేట్‌లెట్ల కోసం మళ్లీ అదే తిరుగుడు. ఒకచోట గడువు దాటి పారబోస్తారు, ఇంకోచోట లేదంటారు. ఒక బ్లడ్ బ్యాంకు నుంచి ఇంకోదానికి పంపుకోవచ్చని కేంద్రం 2015లోనే అనుమతిచ్చింది. మరి పంపేదెవరు? బండి ఏది?

దయచేసి నగరంలోని బ్లడ్ బ్యాంకులన్నిటినీ ఒక్క తాటి మీదికి తీసుకురండి. స్టాక్ లెక్క ఏ రోజుకారోజు నిజంగా ఉండాలి. శిబిరాలన్నీ ఒకేసారి కాకుండా నెలనెలా సర్ది పెట్టించండి. గడువు దగ్గరపడ్డ సంచులు అవసరమున్న చోటికి శాఖ వాహనంలో, సరైన పెట్టెలో కదలాలి. తలసేమియా పిల్లల తేదీలు ఆసుపత్రుల రిజిస్టర్లలోనే ఉన్నాయి, వాటిని చూసి ముందే పక్కన పెట్టించండి. మమ్మల్ని మాత్రం డోనర్ని తెమ్మనకండి సార్. మీకు దండం పెడతాను, ఆ ఒక్క మాట అనకుండా ముందు ఆపించండి. పాపకి మళ్లీ రక్తం ఎక్కించాల్సింది వచ్చే వారమే.

ఇట్లు,
ఒక తలసేమియా పాప తండ్రి,
అత్తాపూర్, హైదరాబాద్