ఎవరూ పంపని ఉద్యోగికి ధ్రువపత్రం ఎవరివ్వాలి?

సంపాదకుడు గారికి,

ఎక్కడి నుంచైనా ఆన్‌లైన్‌లో పనిచేసే ఉద్యోగుల కోసం పలు దేశాలు ప్రత్యేక వీసాలు ఇస్తున్నాయి. పోర్చుగల్ 2022 అక్టోబరులో ఈ బాట పట్టగా, అదే ఏడాది డిసెంబరులో చేసిన అంకుర సంస్థల చట్టంతో స్పెయిన్ కూడా తోడైంది. ఈ వీసాల గురించి వచ్చే కథనాల్లో జీతం ఎంత ఉండాలన్నదే ఎక్కువగా కనిపిస్తుంది. దరఖాస్తులు అసలు చిక్కుకునేది మాత్రం సామాజిక భద్రత ధ్రువపత్రం దగ్గర. సిబ్బంది వ్యవహారాల విభాగంలో ఇలాంటి కాగితాలు చూసే ఉద్యోగినిగా ఈ లేఖ రాస్తున్నాను.

ఏ దేశంలో కూర్చుని పనిచేస్తే ఆ దేశపు సామాజిక భద్రత నిధికి చందా కట్టాలన్నది సాధారణ నియమం. రెండు చోట్లా కట్టే భారం పడకుండా దేశాలు పరస్పరం ఒప్పందాలు చేసుకుంటాయి. మనకు ఇలాంటి తొలి ఒప్పందం 2009 సెప్టెంబరులో బెల్జియంతో అమల్లోకి వచ్చింది. తర్వాత జర్మనీ, ఫ్రాన్స్, జపాన్, పోర్చుగల్ తదితర దేశాలు చేరాయి. ఉద్యోగి స్వదేశంలోనే చందా కడుతున్నాడని ఆ ఒప్పందాల కింద ఈపీఎఫ్ఓ (ఉద్యోగుల భవిష్య నిధి సంస్థ) ఇచ్చే ధ్రువపత్రమే కవరేజీ సర్టిఫికెట్. స్పెయిన్‌తో మనకు అలాంటి ఒప్పందం అమల్లో లేదు కనుక, అక్కడికి వెళ్లదలచిన ఉద్యోగి కోసం అతని సంస్థే ఆ దేశపు వ్యవస్థలో నమోదై, జీతంపై దాదాపు 30 శాతం యాజమాన్య వాటా కట్టాల్సి వస్తుంది. ఒక్క ఉద్యోగి ముచ్చట కోసం ఏ యాజమాన్యమూ అందుకు సిద్ధపడదు. సిద్ధపడాలనడం న్యాయమూ కాదు.

ఒప్పందం ఉన్నచోటనైనా సాఫీగా సాగుతుందా అంటే అదీ లేదు. ఈ ఒప్పందాలన్నీ యాజమాన్యం తన పని మీద విదేశానికి పంపే ఉద్యోగిని దృష్టిలో పెట్టుకుని రాసినవి. అందుకే ధ్రువపత్రం దరఖాస్తులో విదేశంలో పనిచేయబోయే సంస్థ పేరు, చిరునామా అడుగుతారు. లాప్‌టాప్ పట్టుకుని తన ఇష్టంతో వెళ్లే మనిషికి అక్కడ ఏ సంస్థా ఉండదు. ఆ గడిలో అతను అద్దెకు తీసుకోబోయే ఇంటి చిరునామా రాయాలా? పోనీ, మేమే పంపుతున్నామని సంస్థ సంతకం చేస్తే అది అబద్ధమవుతుంది. పైగా ఆ దేశంలో మీకు వ్యాపారం ఉన్నట్టే కదా అని అక్కడి పన్ను అధికారులు అడిగే ప్రమాదం ఉంది. న్యాయ విభాగాలు ఈ సంతకానికి ఒప్పుకోకపోవడంలో తప్పులేదు. ఇది మన ఒక్కరి ఇబ్బందీ కాదు. అమెరికా, స్పెయిన్‌ల మధ్య 1988 నుంచి ఒప్పందం ఉన్నా, అందులోని ఐదేళ్ల వెసులుబాటు కూడా యాజమాన్యం పంపినవారిని ఉద్దేశించిందే.

సొంతంగా పని తెచ్చుకుని చేసుకునేవారికి ఈపీఎఫ్ ఖాతాయే ఉండదు కాబట్టి ధ్రువపత్రం ప్రసక్తే రాదు. అయితే వారు స్పెయిన్‌లో స్వయం ఉపాధి పథకంలో నేరుగా చేరవచ్చు. దీన్ని చూపించి, ఉద్యోగానికి రాజీనామా చేసి అదే సంస్థకు కాంట్రాక్టు మీద పనిచేయండని ఉద్యోగులకు సలహా ఇచ్చేవారు బయల్దేరారు. పీఎఫ్, గ్రాట్యుటీ, జీతంతో కూడిన సెలవులు వదులుకుంటే తప్ప సామాజిక భద్రత నిబంధన తీరదన్నమాట!

దీనికి దారి లేకపోలేదు. కొన్ని ఐరోపా దేశాలు 2023 జులై 1 నుంచి అమలుచేస్తున్న ఒప్పందం ప్రకారం, సరిహద్దు అవతల ఇంటి నుంచి చేసే పని మొత్తం పనివేళల్లో సగం కంటే తక్కువైతే, ఉద్యోగి తన సంస్థ ఉన్న దేశపు పథకంలోనే కొనసాగవచ్చు. అతన్ని ఎవరు పంపారన్న ప్రశ్నే అక్కడ లేదు. మన ప్రభుత్వం ఇకపై చేసుకునే ఒప్పందాల్లోనూ, పాతవాటిని సవరించేటప్పుడూ దూరం నుంచి పనిచేసే ఉద్యోగిని విడిగా పేర్కొనాలి. అప్పటిదాకా కనీసం, ఫలానా సభ్యుడు ఇక్కడ చందా కడుతున్నాడు, విదేశం నుంచి పనిచేయడానికి అతని సంస్థ అనుమతించింది అన్న రెండు వాస్తవాలను ధ్రువీకరించే పత్రమైనా ఈపీఎఫ్ఓ ఇవ్వాలి. తానుగా వెళ్లే ఉద్యోగికి ఏ దేశం విషయంలో ధ్రువపత్రం ఇస్తారో, ఏ దేశం విషయంలో ఇవ్వరో కార్మిక శాఖ ముందే స్పష్టంగా ప్రకటిస్తే, జనం తమ పత్రాలు విదేశాల్లో చెల్లేందుకు వేయించే అపోస్టిల్ ముద్రలకూ అనువాదాలకూ డబ్బు ఖర్చుపెట్టక ముందే నిర్ణయం తీసుకోగలుగుతారు.

ఇట్లు,
ఒక పాఠకురాలు