హై షెరీఫ్ విన్న మాటలు ఎక్కడికి పోతున్నాయి?

సంపాదకునికి,

అయ్యా,

ఇంగ్లండ్, వేల్స్ కౌంటీల్లో రాజు ప్రతినిధిగా ఏడాదిపాటు జీతం లేకుండా పనిచేసే హై షెరీఫ్‌ల సందర్శనల గురించి ఈ లేఖ. వెయ్యేళ్లు దాటిన ఈ పదవికి ఒకప్పుడు పన్నులు వసూలు చేసే, నేరస్థులను పట్టుకునే అధికారం ఉండేది. నేడు మిగిలింది హైకోర్టు న్యాయమూర్తులకు మర్యాదలు చేయడం, పోలీసు, జైలు సిబ్బందినీ, శిక్ష పడ్డవారిని జైలు బయట పర్యవేక్షించే ప్రొబేషన్ సిబ్బందినీ స్వచ్ఛంద సంస్థలనూ కలిసి ప్రోత్సహించడం. నియామకానికి రాజుగారు ఎంపికైనవారి పేరు పక్కన సూదితో చిల్లు పెట్టే ఆనవాయితీ మాత్రం చెక్కుచెదరలేదు!

నేను వాలంటీరుగా ఉన్న యువకేంద్రానికి నిరుడు హై షెరీఫ్ వచ్చారు. నల్ల మఖమలు కోటు, నడుముకు కత్తి చూసి ముసిముసిగా నవ్విన కుర్రాళ్లే, ఆయన క్యారమ్స్‌లో వరుసగా రెండుసార్లు ఓడిపోయాక, చీకటి పడితే బస్‌స్టాప్ దగ్గర నిలబడడానికి తామెందుకు జంకుతున్నారో చెప్పుకొచ్చారు. ఆయన ఓపిగ్గా విన్నారు. హామీ ఏదీ ఇవ్వలేదు, ఇచ్చే అధికారమూ ఆయనకు లేదు.

అందువల్ల ఈ సందర్శనలు వట్టి ఆర్భాటమన్న విమర్శతో నేను ఏకీభవించను. అయితే ఫొటోలు వారంలోపే అందాయి గాని, పిల్లల మాటలు ఏప్రిల్‌లో బాధ్యతలు చేపట్టిన కొత్తవారికి చేరిన జాడ లేదు. పదవి దిగేవారు తాము విన్నదాన్ని రెండు పుటల్లో రాసి, తమ తర్వాత వచ్చేవారికీ కౌంటీ పోలీసు శాఖకూ అందజేయడం తప్పనిసరి చేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఇంగ్లండ్ నుంచి ఒక తెలుగు పాఠకుడు