సింప్సన్ ఎడారి యాత్రకు మీరు అప్పగించబోయిన వాహనం, ఇచ్చిన ప్రయాణ ప్రణాళికపై ఫిర్యాదు

అడిలైడ్,
జూలై 14.

మేనేజరు గారికి,
ఫోర్ వీల్ డ్రైవ్ వాహనాల అద్దె, యాత్రా ప్రణాళికల విభాగం.

విషయం: ఒప్పందానికి విరుద్ధమైన వాహనం, ప్రమాదకరమైన ఇంధన లెక్క, అడ్వాన్సు తిరిగి ఇవ్వడానికి నిరాకరణ.

అయ్యా,

పిల్లల బడులకు శీతాకాలపు సెలవులు ఇవ్వగానే మా కుటుంబమూ మా మిత్రుల కుటుంబమూ రెండు వాహనాలలో అడిలైడ్ నుంచి బయలుదేరి, మారీ, బర్డ్స్‌విల్ మీదుగా ఆస్ట్రేలియా నడిబొడ్డున ఉన్న సింప్సన్ ఎడారిని తూర్పు నుంచి పడమరకు దాటి, మౌంట్ డేర్, ఊడ్నదత్తాల గుండా ఇల్లు చేరాలని ఈ ఏడాది మొదట్లోనే నిర్ణయించుకున్నాము. మిత్రుల వాహనం వారి సొంతం. మాకు కావలసిన వాహనాన్ని, దానితో పాటు ప్రయాణ ప్రణాళికను మీ సంస్థ దగ్గర తీసుకున్నాము. వాహనం అప్పగించే రోజున మీ డిపోలో దాన్ని పరిశీలించగా, ఒప్పందంలో రాసిన వాహనానికీ నా ముందు నిలిపిన వాహనానికీ పొంతన లేదని తేలింది. అందుచేత దాన్ని తీసుకోవడానికి నేను నిరాకరించాను. మీరు దాన్ని నా అంతట నేను చేసుకున్న రద్దుగా లెక్కగట్టి, నేను కట్టిన 2,600 డాలర్ల అడ్వాన్సు తిరిగి రాదని ఈమెయిలు పంపారు. ఆ నిర్ణయాన్ని నేను అంగీకరించడం లేదు.

మీ ప్రణాళిక పుస్తకం తెలుగులో ఉంది. ఉగాది వేడుకల్లో మీ ప్రతినిధులే దాన్ని మనవాళ్లకు పంచారు. ఈ దేశానికి కొత్తగా వచ్చి, ఇక్కడి ఎడారి ఎలా ఉంటుందో ఇంకా ఎరగని కుటుంబాలు అందులోని ప్రతి అంకెనూ నమ్ముతాయి. అందుకే ఈ లేఖను కూడా తెలుగులోనే రాస్తున్నాను. నా డబ్బు నాకు రావాలి, అందులో సందేహం లేదు. కానీ ఆ పుస్తకం నేటికీ చేతులు మారుతూ ఉండడం నన్ను అంతకంటే ఎక్కువగా కలవరపెడుతోంది.

మొదట ఇంధనం సంగతి. బర్డ్స్‌విల్ నుంచి మౌంట్ డేర్ వరకు ఫ్రెంచ్ లైన్ అనే ఎడారి దారి మీదుగా దాదాపు 500 కిలోమీటర్లు. పక్కదారులు పట్టినా, వరద నీరు నిలిచి చుట్టు తిరగవలసి వచ్చినా అంతకు మించుతుంది. ఈ మధ్యలో ఒక్క చుక్క డీజిల్ కూడా దొరకదు. మీ పుస్తకం ఈ మొత్తం భాగానికి 60 లీటర్లు చాలునని ఒకే ఒక్క పంక్తిలో తేల్చేసింది. అంటే నూరు కిలోమీటర్లకు 12 లీటర్ల లెక్క. ఆ లెక్క తారురోడ్డు మీద, గంటకు వంద కిలోమీటర్ల నిలకడైన వేగంతో వెళ్లే వాహనానికి సరిపోతుంది. సింప్సన్‌లో వాహనం 1,100కు పైగా ఇసుక దిబ్బలను ఒకదాని వెంట ఒకటి ఎక్కి దిగాలి. దిబ్బలు ఇంచుమించు ఉత్తర దక్షిణాలుగా వరుసలు తీరి ఉంటాయి. ఫ్రెంచ్ లైన్ 1960లలో చమురు అన్వేషణ కోసం బుల్డోజర్లతో తిన్నగా తీసిన దారి కాబట్టి, ప్రయాణికుల సౌకర్యం చూసి వంకలు తిరగదు, ఎదురైన ప్రతి దిబ్బనూ నేరుగా ఎక్కుతుంది. అక్కడ టైర్లలో గాలిని 16 నుంచి 18 పీఎస్‌ఐ వరకు దింపి, వేగం తగ్గించి బలం పెంచే లో రేంజ్ గేర్లలో నడపాలి, ఒక్కోసారి శిఖరం దాకా వెళ్లి జారిపోయి వెనక్కి వచ్చి మళ్లీ ఎక్కాలి. గతంలో అదే దారిలో వెళ్లి వచ్చిన మా మిత్రుడి వాహనం నూరు కిలోమీటర్లకు 20 లీటర్లు దాటి తాగింది. నిండు బరువుతో, మెత్తటి ఇసుకలో 25 లీటర్లకు చేరినా ఆశ్చర్యం లేదని ఆ దారి తెలిసినవారు చెబుతారు. ఆ లెక్కన కావలసింది 100 నుంచి 125 లీటర్లు. వెనక్కి తిరగవలసి వస్తే ఆదుకునే నిల్వ ఇందులో ఇంకా కలపలేదు.

పైగా మీ ప్రణాళికలోని దిశ కూడా కష్టమైనదే. గాలి వాలు వల్ల ఆ దిబ్బల తూర్పు ముఖాలు నిటారుగా, పడమటి ముఖాలు ఏటవాలుగా ఉంటాయి. అందుకే బరువైన వాహనాలతో వెళ్లేవారు ఎక్కువగా పడమర నుంచి తూర్పుకు దాటుతారు. మీ ప్రణాళిక మమ్మల్ని తూర్పు నుంచి పంపుతోంది. బర్డ్స్‌విల్ దాటిన కొద్దిసేపటికే, డీజిలూ నీళ్లూ సామానూ ఏదీ ఇంకా తరగక ముందే, దాదాపు 40 మీటర్ల ఎత్తున్న బిగ్ రెడ్ దిబ్బ ఎదురవుతుంది. తూర్పు నుంచి వెళ్లకూడదని నేను అనడం లేదు, ఎంతోమంది వెళుతున్నారు. అలా పంపేటప్పుడు ఇంధనం లెక్క పెరగాలి కదా. మీ పుస్తకంలో అది తారురోడ్డు లెక్క దగ్గరే ఆగిపోయింది.

ఒప్పందంలో మీరు రాసిచ్చిన వాహనానికి అసలు ట్యాంకూ అదనపు ట్యాంకూ కలిపి 140 లీటర్ల సామర్థ్యం ఉండాలి. ఆ సంఖ్య చూసే నేను మీ దగ్గర సంతకం పెట్టాను. డిపోలో చూపించిన వాహనానికి ఉన్నది ఒకే ట్యాంకు, 80 లీటర్లది. అదనపు ట్యాంకు ఏదని అడిగితే, డీజిల్ నింపే 20 లీటర్ల జెర్రీ క్యాన్లు నాలుగు పైన కట్టిస్తామని మీ ఉద్యోగి అన్నారు. నేను నిచ్చెన వేసుకుని పైకెక్కి చూశాను. రూఫ్ ర్యాక్ కాలి దగ్గర అంటించిన స్టిక్కరు మీద గరిష్ఠ బరువు 75 కిలోలని స్పష్టంగా ఉంది. 80 లీటర్ల డీజిలే 65 కిలోలు దాటుతుంది, దానికి ఇనుప క్యాన్ల బరువు తోడవుతుంది. రెండో స్టెప్నీని కూడా అప్పటికే ఆ ర్యాక్ మీదే బిగించి ఉంచారు. అన్నీ కలిపితే నూరు కిలోలు సునాయాసంగా దాటుతాయి. నెత్తిన అంత బరువు మోస్తూ దిబ్బ శిఖరం మీద పక్కకు ఒరిగే వాహనంలో వెనుక సీట్లో నా పిల్లలు కూర్చోవలసి ఉండింది. మీ ఉద్యోగి మర్యాదగానే మాట్లాడారు, ఆయన మీద నాకు ఏ కోపమూ లేదు. కానీ ‘చాలామంది ఇలాగే వెళ్లొచ్చారండీ’ అన్నది ఆ స్టిక్కరుకు జవాబు కాదు.

ఆ రెండో స్టెప్నీ గురించి కూడా చెప్పాలి. పక్కగోడ మీద వేలు పెట్టి రాస్తే పగుళ్లు తగిలాయి. టైరు తయారైన వారాన్నీ సంవత్సరాన్నీ తెలిపే నాలుగు అంకెల ముద్రలో చివరి రెండు అంకెలు 14, అంటే 2014లో తయారైన టైరు. గాలి తగ్గించి నడిపేటప్పుడు నలిగేది పక్కగోడే. దిబ్బల దాకా కూడా అక్కర్లేదు, మారీ నుంచి బర్డ్స్‌విల్ వరకు ఉన్న 517 కిలోమీటర్ల దారిలోని పదునైన రాళ్లే అలాంటి టైరును చీల్చడానికి చాలు.

ఆపదలో ఉపగ్రహం ద్వారా సహాయ సంకేతం పంపే అత్యవసర బీకన్ మీద ముద్రించిన బ్యాటరీ గడువు నిరుటితోనే ముగిసింది. అది ఎవరి పేరున నమోదై ఉందని అడిగితే, బటను నొక్కితే చాలునని జవాబు వచ్చింది. బీకన్ మోగినప్పుడు ఆస్ట్రేలియా సముద్ర భద్రతా సంస్థ వారు మొదట ఫోను చేసేది నమోదులో ఉన్న నంబర్లకే. మనం ఎవరం, ఎంతమందిమి, ఏ దారిన వెళ్లామన్నది వారికి తెలిసేది అక్కడి నుంచే. ఆ నమోదుకు డబ్బు కూడా కట్టనక్కర్లేదు. ఒప్పందంలో రాసిన శాటిలైట్ ఫోను ఆ రోజు డిపోలో లేనే లేదు. దిబ్బల దారిలో తప్పనిసరి అయిన ఎర్రజెండా కర్ర కూడా లేదు. ఎదురుగా శిఖరం ఎక్కి వస్తున్న వాహనానికి మన ఉనికి ముందుగా తెలిసేది ఆ జెండా వల్లా, వాహనాల మధ్య మాట్లాడుకునే యూహెచ్ఎఫ్ రేడియో 10వ ఛానెల్ మీద చెప్పే మాట వల్లా మాత్రమే.

అన్నిటికంటే నన్ను బాధించినది బీమా విషయం. మీ పుస్తకం పేరే ఎడారి దాటే యాత్ర, మీరు గీసిచ్చిన పటంలో ఫ్రెంచ్ లైన్‌ను ఎర్రటి గీతతో చూపించారు. అయితే అద్దె షరతుల చివరి పేజీలో, చిన్న అక్షరాలలో, జాతీయ పార్కుల లోపలి ఎడారి ట్రాకుల మీద సంస్థ ముందస్తు రాతపూర్వక అనుమతి లేకుండా నడిపితే బీమా గానీ రికవరీ సహాయం గానీ వర్తించవని ఉంది. ఆ అనుమతి పత్రం కోసం నేను ఫోనులోనూ ఈమెయిలులోనూ అడిగాను. పంపిస్తామన్నారు, చివరి రోజు వరకు పంపలేదు. ఆ దిబ్బల నడుమ ఆగిపోయిన వాహనాన్ని బయటికి లాగించాలంటే వేల డాలర్ల ఖర్చు. మీరే గీసిన దారిలో, మీరే ఇచ్చిన వాహనం ఆగిపోతే ఆ ఖర్చంతా మా నెత్తిన పడేలా రాసిన షరతును, ఆ పటం పక్కనే పెద్ద అక్షరాలలో అచ్చు వేయవలసింది.

మీ పుస్తకంలో యాత్రకు అనువైన తేదీలుగా మార్చి మొదటి వారాన్ని కూడా చేర్చారు. దక్షిణ ఆస్ట్రేలియా వైపున ఉన్న ముంగా తిర్రి సింప్సన్ ఎడారి జాతీయ పార్కును ఎండల కారణంగా ఏటా డిసెంబరు 1 నుంచి మార్చి 15 వరకు మూసి ఉంచుతారు. ఆ తేదీని నమ్మి సెలవు పెట్టుకున్న కుటుంబం సంగతి ఏమిటి?

ఇంధనం అంచనా గురించి నేను ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. 1963 డిసెంబరులో ఇంగ్లండ్ నుంచి వలస వచ్చిన ఒక కుటుంబం బర్డ్స్‌విల్ దారిలో వెళుతూ తోవ తప్పింది. కారులో పెట్రోలు అయిపోయింది. ఐదుగురూ కారు విడిచి నడిచి, దాహంతో చనిపోయారు. ఆ తరువాత రోడ్డు బాగుపడింది, ఫోన్లూ బీకన్లూ వచ్చాయి. కానీ ఖాళీ ట్యాంకుతో ఎడారిలో నిలిచిపోయిన కుటుంబానికి మనిషికి రోజుకు కనీసం ఏడు లీటర్ల నీళ్లు కావాలన్న అవసరం మారలేదు. కొత్తగా వచ్చినవారు ఈ దేశంలో పుట్టి పెరిగినవారిలా ఈ నేలను చదవలేరు, రాసి ఇచ్చిన కాగితాన్ని నమ్ముతారు. ఆ నమ్మకం మీదే మీ వ్యాపారం నడుస్తోంది కాబట్టి ఆ కాగితం సరిగా ఉండవలసిన బాధ్యత మీదే.

మీ దగ్గర వాహనం తీసుకునేటప్పుడు నేను వెళ్లే దారి ఏదో దరఖాస్తులోనే రాసిచ్చాను. కొనుగోలుదారు ముందుగా తెలిపిన ప్రయోజనానికి వస్తువు పనికిరావాలని ఆస్ట్రేలియా వినియోగదారుల చట్టంలోని 55వ సెక్షను చెబుతోంది, అద్దెకు ఇచ్చే వస్తువుకు కూడా అది వర్తిస్తుంది. తప్పుదారి పట్టించే వ్యాపార ప్రవర్తనను అదే చట్టంలోని 18వ సెక్షను నిషేధిస్తుంది. 140 లీటర్లని రాసి 80 లీటర్ల వాహనం నిలబెట్టడం, దాన్ని వద్దన్నందుకు రద్దు రుసుము వసూలు చేయడం ఈ రెండింటికీ విరుద్ధమని నా అభిప్రాయం.

కాబట్టి నా 2,600 డాలర్ల అడ్వాన్సును పూర్తిగా తిరిగి ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. వాహనం ఉంటుందన్న భరోసాతో మేము ముందే డబ్బు కట్టిన బర్డ్స్‌విల్ బస ఖర్చును కూడా చెల్లించాలి, దాని రసీదు జతచేశాను. ఆ పుస్తకాన్ని వెంటనే పంపిణీ నుంచి ఉపసంహరించి, ఇప్పటికే తీసుకున్న కుటుంబాలన్నిటికీ ఇంధనం లెక్క, పార్కు మూసివేత తేదీలు, బీమా షరతు సరిచేసి తెలుగులోనే రాతపూర్వకంగా తెలియజేయాలి. ఈ చివరి కోరిక విషయంలో నేను ఏ రాజీకీ సిద్ధంగా లేను. వచ్చే నెల నుంచి సెప్టెంబరు వరకు ఎడారి యాత్రలు ముమ్మరంగా సాగుతాయి, మీ పుస్తకం పట్టుకుని బయలుదేరే కుటుంబాలు ఈపాటికే సామాను సర్దుకుంటూ ఉంటాయి.

జూలై 28లోగా మీ నుంచి రాతపూర్వక సమాధానం రాకపోతే, దక్షిణ ఆస్ట్రేలియా ప్రభుత్వ వినియోగదారుల, వ్యాపార సేవల విభాగానికి ఈ లేఖనూ జతపరచిన పత్రాలనూ సమర్పిస్తాను. ఫోనులో మాట్లాడుకుందామంటే నాకు అభ్యంతరం లేదు, కానీ అనుకున్న ప్రతి మాటనూ ఆ రోజే ఈమెయిలులో ధ్రువపరచవలసి ఉంటుంది.

భవదీయుడు,
మీ వినియోగదారు

జతచేసినవి: ఒప్పంద పత్రం నకలు, అడ్వాన్సు రసీదు, బర్డ్స్‌విల్ బస రసీదు, అనుమతి పత్రం కోసం రాసిన ఈమెయిళ్లు, డిపోలో తీసిన ర్యాక్ స్టిక్కరు, స్టెప్నీ, బీకన్ గడువు ఫొటోలు.