మా ఆయన 'గల్ఫ్ బాధితుడు', ఈ పిలగాడు 'బీహారీ ముఠా'నా?

సంపాదకులు గారికి నమస్తే,

నేను సుల్తానాబాద్ ల రైస్ మిల్లులకు పోయే రోడ్డు మీద చిన్న కిరాణం షాపు నడిపిస్త, దాంట్లనే రీచార్జి, మనీ ట్రాన్స్‌ఫర్ కూడా. మీ పేపర్ మా షాపుకు 11 ఏండ్ల సంది వస్తది. పోయిన నెల మీ జిల్లా పేజీల వ్యవసాయ మోటార్ల దొంగతనాల మీద ఒక వార్త వచ్చింది, హెడ్డింగ్ ల 'బీహారీ ముఠా పనేనా' అని రాసి పక్కకు ఒక క్వశ్చన్ మార్కు పెట్టిండ్రు, కింద మిల్లు ఎనుక హమాలీలు ఉండే రేకుల రూముల ఫొటో వేసిండ్రు. పది రోజులకు దొంగలు దొరికిండ్రు, పక్క మండలం పోరగాళ్లు, ముగ్గురు. అది లోపలి పేజీల అడుగున నాలుగు లైన్లు వచ్చింది, ఫొటో లేదు, ఆ ముగ్గురిది ఏ రాష్ట్రమో కూడా రాయలే. ఎందుకు రాస్తరు, మనోళ్లే గదా.

సాయంత్రం ఆరు దాటిందంటే మిల్లు హమాలీలు నా కౌంటర్ కాడికే వస్తరు, ఒంటి మీద, కనురెప్పల మీద కూడా తవుడు దుమ్ము. వెయ్యికి పది రూపాయల కమీషన్ మీద వాళ్ల పైసలు ఇంటికి పంపుత. ఫోన్ పే వచ్చినంక కుర్రోళ్లు వాళ్లే కొట్టుకుంటుండ్రు గని కొత్తగ వచ్చినోళ్లు, వయసు మీద పడ్డోళ్లు ఇంకా నా కాడికే. పేరు, అకౌంట్ నంబరు అన్నీ నేనే రాసుకుంట కాబట్టి బీహార్ ల ఎవరిది మధుబని, ఎవరిది సహర్సా, ఎవరిది ఖగారియా నాకు ఎరుకే, ఎవరి బిడ్డ పెండ్లి ఉన్నదో ఎవరు తమ్ముని ఫీజు కడుతుండో అది కూడా. ఒకాయన నెల నెల భార్యకు పంపినంక మల్ల వేరేగ 500 తల్లికి పంపుతడు, ఒకటే ఇల్లు గద భయ్యా రెండు కమీషన్లు ఎందుకు అంటే అమ్మ కోడల్ని చెయ్యి చాపి అడగొద్దు దీదీ అన్నడు. (ఆయన పేరు రాస్తలేను, ఆయన్ని అడగలే కాబట్టి.)

ఆ క్వశ్చన్ మార్కు ఏం చేస్తదో మీకు తెల్వదని అనుకోను. 2018 మే నెల యాదికుంది గదా, పిల్లల్ని ఎత్తుకపోయే గ్యాంగులు దిగినయని వాట్సాప్ ల ఒకటే మెసేజులు, పార్థీ గ్యాంగ్ అని కొన్ని బీహార్ గ్యాంగ్ అని కొన్ని, హైదరాబాద్ చాంద్రాయణగుట్టల ఒక ట్రాన్స్‌జెండర్ ను జనం కొట్టి చంపిండ్రు అప్పుడే. ఆ రోజులల్లనే నా షాపు ముందట ఒక హమాలీ చాక్లెట్ కొని పక్కింటి పిల్లకు ఇచ్చిండు, రోజూ ఇచ్చేటోడే, ఆ పిల్ల కూడా ఉరికొచ్చి తీసుకునేది. ఐదు నిమిషాలల్ల నలుగురు బండ్లు ఆపి ఆయన కాలర్ పట్టిండ్రు. నేను రిజిస్టర్ పట్టుకొని బయటికి ఉరికి ఈయన ఫలానా మిల్లుల చేస్తడు మూడేండ్ల నుంచి ఎరుక అని మొత్తుకుంటే ఇడిసిపెట్టిండ్రు. నాకు పేరు తెలుసు కాబట్టి ఆయన బతికిండు, గంతే తేడా. అటెంక ఆయన పిల్లల దిక్కు చూసుడే బంద్ చేసిండు.

మా ఆయన షార్జాల ఆరేండ్లు చేసి వచ్చిండు. మన కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ దిక్కు గల్ఫ్ పోనోళ్లు లేని వాడకట్టు ఉందా చెప్పండి. వాళ్ల గురించి మీరు ఎంత మంచిగ రాస్తరు. ఎవరన్న చనిపోతే పేరు, ఊరు, మండలం, ఏజెంటుకు ఎంత కట్టిండు, అప్పెంత, పిల్లలు ఎన్నో తరగతి, శవం ఎన్ని రోజులకు శంషాబాద్ కు వచ్చింది అన్నీ ఉంటయి, చదివి ఏడ్చిన రోజులున్నయి నేను. (మా ఆయనకైతే గల్ఫ్ బాధితుడు అంటే కోపం, నేనేం బాధితుణ్ని కాదు ఇరవై గుంటలు కొన్న అంటడు, అది వేరే ముచ్చట.) అంటే మీకు రాయ వస్తది. ఇక్కడి నుంచి పోయినోన్ని ఎట్ల రాయాల్నో తెలుసు, ఇక్కడికి వచ్చినోని దగ్గరికి వచ్చేసరికే పేరు పోయి రాష్ట్రం మిగులుతది.

చనిపోతే అది కూడా ఉండదు, అంకె ఉంటది. 2025 జూన్ 30న పాశమైలారంల ఫ్యాక్టరీ పేలిన రోజు నా షాపు ఫోన్ మోగుడే మోగుడు. వాళ్ల ఇండ్లల్ల నా నంబరు ఉంటది, చార్జింగ్ లేకపోతే నా ఫోన్ ల నుంచే మాట్లాడుతరు. ఆ ఇండ్లల్ల ఉన్నోళ్లకు సుల్తానాబాద్ అయినా పాశమైలారం అయినా ఒకటే, హైదరాబాద్. మా వాడు ఉన్నడా జర చూడు బెహన్ అని నాలుగు ఫోన్లు, ఒక ముసలాయన అయితే కొడుకును రూముల నుంచి పిలిపించి గొంతు వినిపించేదాక పెట్టనే లేదు. 40 మందికి పైగ పోయిండ్రు, బీహార్, జార్ఖండ్, ఒడిశా, యూపీ వాళ్లు మస్తుమంది. టీవీలల్ల రోజుకో అంకె, అటెంక నష్టపరిహారం ముచ్చట. 2022 మార్చిల సికింద్రాబాద్ బోయిగూడల స్క్రాప్ గోదాం కాలి 11 మంది బీహార్ కూలీలు చనిపోయిండ్రు, 11 అనేది యాదికుంది, ఒక్క పేరు చెప్పుమంటే నాకు కూడా రాదు.

కరోనాల 2020 మే 1న లింగంపల్లి నుంచి జార్ఖండ్ హటియాకు మొదటి శ్రామిక్ రైలు పోయింది, 1200 మంది దాక, అయ్యో పాపం వలస కూలీ అని అందరం చూసినం. అటెంక వారం రోజులకు ఖగారియా నుంచి అదే లింగంపల్లికి ఎదురు రైలు వచ్చింది, హోలీకి పోయి అక్కడ్నే చిక్కిన మిల్లు హమాలీలు 200 మందికి పైగ, మన ప్రభుత్వమే రప్పిచ్చుకున్నది, యాసంగి వడ్లు దించేటోడు లేడు మరి. ఈ రెండో రైలు ఎంతమందికి యాదికుందో.

అందరు మంచోళ్లే అని నేను అంటలేను. తాగి కొట్లాడుకునేటోళ్లున్నరు, ఒకడు 640 రూపాయలు బాకీ పెట్టి చెప్పకుంట రైలెక్కిండు (పెద్ద బాకీలు ఎవరివో చెప్తే మా గల్లీల నాతోటి ఎవరూ మాట్లాడరు). ఊరి హమాలీలకు వాళ్ల మీద కోపం ఉన్నది, అది ఉత్త కోపం కాదు, బస్తా రేటు పెంచుమంటే బీహార్ నుంచి తెప్పిస్త అంటడు సేటు. నాట్లేసే ఆడోళ్లకు కూడా అంతే, ఇప్పుడు బీహార్ మొగోళ్లు గుంపుగ వచ్చి ఎకరానికి గుత్త మాట్లాడుకొని పొద్దుగూకకముందే నాటేసి పోతుండ్రు. గిది రాయండి. రేటు ఎవరు తొక్కుతుండ్రు, ఏజెంటు ఎంత పట్టుకుంటుండు, వేరే రాష్ట్రం నుంచి తెచ్చిన కూలీకి ఫొటో ఉన్న పాస్ బుక్ ఇయ్యాలని 1979ల్నే చట్టం వచ్చింది, నా కౌంటర్ మీదికి ఇన్నేండ్లల్ల ఒక్కటి రాలే.

ఆ మోటార్ల వార్త వచ్చిన రోజు పేపర్ నా కౌంటర్ మీదనే ఉండె. తల్లికి 500 పంపే ఆయన వచ్చి ఫొటో చూసి గుర్తుపట్టిండు, దండెం మీద ఆరేసింది నా అంగీనే దీదీ అని మస్తు సంబురపడ్డడు, సెల్లుల ఫొటో తీసి ఇంటికి పంపిండు. ఏం రాసిండ్రు అని అడిగిండు. మిల్లు గురించి అని చెప్పిన.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
సుల్తానాబాద్, పెద్దపల్లి జిల్లా