బ్రేకు పని ఇంట్లో వద్దు, బ్యాటరీ పనికి షెడ్డు వద్దు

సంపాదకులకు నమస్కారం.

ఎండలు ముదిరితే చాలు, నార్కట్‌పల్లి చుట్టుపక్కల రోడ్డు అంచున బానెట్ ఎత్తి నిలబెట్టిన కార్లు రోజూ కనిపిస్తుంటాయి. రెండేళ్ల కిందట మే నెలలో వాటిలో నాది కూడా ఒకటి. హైదరాబాదు నుంచి నల్గొండ వస్తుంటే, చిట్యాల దాటిన కాసేపటికి ఇంజిన్ వేడి చూపించే ముల్లు పైకి పోయింది. బండి పక్కకు తీసి, ఇంజిన్‌ను చల్లబరిచే రేడియేటర్ మూత ముట్టకుండా ఇంజిన్ చల్లారేదాకా గంటసేపు వేపచెట్టు నీడన కూర్చొని, దగ్గరలోని షెడ్డు నుంచి మెకానిక్‌ను పిలిపించాను. ఆయన మూత తీసి లోపలి అంచు వెంట వేలు రాసి నాకు చూపించాడు. వేలికి తెల్లటి పొడి అంటింది. మా ఇంట్లో నీళ్లు కాచే గిన్నె అడుగున పేరుకునే సున్నం కూడా సరిగ్గా అట్లాగే ఉంటుంది. "బోరు నీళ్లు పోస్తున్నరా సార్?" అని అడిగాడు. నిజమే, రేడియేటర్‌లో పోసే ప్రత్యేక ద్రవం, అంటే కూలెంట్, కొనడం దండగనుకొని రెండేళ్లుగా బోరు నీళ్లే పోస్తున్నాను.

మన జిల్లా నీళ్లంటే అందరికీ ముందు ఫ్లోరైడే గుర్తుకొస్తుంది గానీ, రేడియేటర్‌ను పాడు చేసేవి ఆ నీళ్లలో ఉండే కాల్షియం, మెగ్నీషియం లవణాలు. వేడికి అవి గట్టిపడి సన్నటి గొట్టాల్లో పొరలుగా పేరుకుంటే నీటి ప్రవాహం తగ్గుతుంది, వేడి బయటకు పోదు. కూలెంట్ నీటి మరుగు స్థానాన్ని పెంచడమే కాక తుప్పు పట్టకుండా కూడా కాపాడుతుంది. అందుకే దాన్ని డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి పోస్తారు, లేదా కలిపి అమ్మేదాన్నే కొంటారు.

కారు పని సొంతంగా చేసుకోవాలా, మెకానిక్‌కు ఇవ్వాలా అనే చర్చ మా కాలనీలో తరచూ జరుగుతుంది. సులువైన పనులు ఇంట్లో, కష్టమైనవి షెడ్డులో అని చాలామంది అంటారు. నేనూ చాలాకాలం అదే అనుకున్నాను. కానీ రేడియేటర్‌లో నీళ్లు పోయడం కంటే సులువైన పని ఇంకేముంది? అయినా ఆ తప్పు రెండేళ్లు చడీచప్పుడు లేకుండా దాక్కొని, చివరికి నడి ఎండలో హైవే మీద బయటపడింది. అందుకే ఇప్పుడు ఏ పని ముట్టుకునే ముందైనా నన్ను నేను ఒకే ప్రశ్న వేసుకుంటున్నాను: ఇందులో నేను పొరపాటు చేస్తే అది ఎక్కడ తెలుస్తుంది? వాకిట్లో నిలబడిన కారులో వెంటనే తెలిసేదైతే నేనే చేసుకుంటాను. వైపర్ బ్లేడు, ఎయిర్ ఫిల్టర్, ఫ్యూజు, హెడ్‌లైట్ బల్బు అలాంటివి. బల్బు సరిగ్గా పెట్టకపోతే వెలగదు, అంతే. పరుగెత్తే బండిలో, మనుషులు కూర్చొని ఉండగా తెలిసేదైతే అది చేయి తిరిగినవాళ్లకే వదిలేయాలి.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి మా ఇంట్లోనే జరిగిన సంగతి ఒకటి ఉంది. మా అన్న కొడుకు చేతి పనిలో ఎవరికీ తీసిపోడు, ట్రాక్టరు పనులు కూడా సొంతంగా చేసుకుంటాడు. ఫోనులో వీడియో చూసి ముందు చక్రాల బ్రేకు ప్యాడ్లు మార్చాడు. బోల్టులన్నీ సరిగ్గానే బిగించాడు. తర్వాత కారులో కూర్చొని రివర్సులో వెనక్కి తీసి బ్రేకు తొక్కితే పెడల్ నేలదాకా పోయింది, కారు వెళ్లి గేటు స్తంభానికి గుద్దుకుంది. కొత్త ప్యాడ్లు పట్టడానికి ప్యాడ్లను నొక్కే క్యాలిపర్‌లోని పిస్టన్‌ను లోపలికి నెడతాము కాబట్టి, పని పూర్తయ్యాక బండి కదిలించక ముందే పెడల్‌ను కొన్నిసార్లు తొక్కి, అది గట్టిపడిందో లేదో చూడాలి. లేకపోతే మొదటిసారి తొక్కినప్పుడు ప్యాడ్లు చక్రంతో పాటు తిరిగే డిస్కును పట్టుకోవు. ఆ ఒక్క సంగతి అతనికి తెలియదు. వెనుక బంపరు పగిలింది. కాసేపటి ముందు దాకా ఆ గేటు దగ్గర మా మనవరాలు ఆడుకుంటూ ఉండింది. ఇది రాస్తున్నప్పుడు కూడా నా చేయి వణుకుతున్నది.

స్టీరింగు, సస్పెన్షన్, ఎయిర్‌బ్యాగు వైర్లు కూడా ఇదే కోవలోకి వస్తాయి. కారుతో వచ్చే జాకీ చక్రం మార్చుకోవడానికి ఇచ్చినదే తప్ప, దాని మీద ఎత్తిన బండి కిందికి దూరడానికి కాదు. మట్టి వాకిట్లో అది ఎప్పుడు ఒరుగుతుందో చెప్పలేము.

ఇంత రాసినంత మాత్రాన షెడ్డుల వైపు తప్పు లేదని నా ఉద్దేశం కాదు. జనం సొంత రిపేర్లకు దిగడానికి సగం కారణం మెకానిక్ మాట మీద నమ్మకం లేకపోవడమే. ఒకరోజు పొద్దున నా కారు స్టార్టు కాకపోతే ఒక షెడ్డులో బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటర్, బ్యాటరీ రెండూ మార్చాలన్నారు, పద్నాలుగు వేలు చెప్పారు. ఎలక్ట్రికల్ పని తెలిసిన మా పక్కింటాయన బానెట్ ఎత్తి చూస్తే బ్యాటరీ టెర్మినల్ చుట్టూ తెల్లగా, పచ్చగా బూజు లాంటి పొడి పట్టి ఉంది. ముందు నెగటివ్ వైరు, తర్వాత పాజిటివ్ వైరు విప్పి, గోరువెచ్చటి నీళ్లలో వంటసోడా కలిపి పాత పళ్ల బ్రష్షుతో రుద్ది, తుడిచి, ఈసారి పాజిటివ్ ముందు బిగించాము. మీటరు పెడితే ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు 12.6 వోల్టులు, నడుస్తున్నప్పుడు 14 వోల్టులు చూపించింది. రెండూ బాగున్నట్టే. ఆ బ్యాటరీ ఇంకో ఏడాదిన్నర పనిచేసింది.

మెకానిక్ సోదరులకు నా విన్నపం ఒక్కటే. పని మొదలుపెట్టే ముందు ఖర్చు ఎంతో కాగితం మీద రాసివ్వండి, తీసేసిన పాత సామాను డిక్కీలో పెట్టి ఇవ్వండి. ఇవి రెండూ చేసే షెడ్డుకు నేను లేబర్ ఛార్జీ దగ్గర బేరమాడను. పావుగంటలో లోపం పట్టుకున్న మనిషికి ఇచ్చేది పావుగంట కూలి కాదు, ఇన్నేళ్లు నేర్చుకున్న విద్యకు ఇచ్చే విలువ. మోసపోయామనుకున్నవారు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు.

కంపెనీల బాధ్యత కూడా తక్కువేమీ కాదు. విడిభాగాలను బయటి మార్కెట్లో దొరకనివ్వడం లేదని 2014 ఆగస్టులో, మార్కెట్లో పోటీ సక్రమంగా ఉందా అని చూసే కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు రెండున్నర వేల కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. బయట రిపేరు చేయించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దు చేయకూడదని కూడా ఆ ఉత్తర్వులో చెప్పింది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. 2022 డిసెంబరులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రిపేరు హక్కు కోసం ఒక పోర్టల్ తెరిచింది, అందులో వాహనాల రంగం కూడా ఉంది. ఇవన్నీ మంచి పనులే. అయితే నా కారుతో వచ్చిన పుస్తకం మొత్తం ఇంగ్లీషులోనే ఉంది. ఏ కూలెంట్ పోయాలో, ఎంత కలపాలో అందులో స్పష్టంగా రాసి ఉన్నా, నేను దాన్ని డ్యాష్‌బోర్డు అరలోంచి బయటకు తీసిందే ఇంజిన్ వేడెక్కిన తర్వాత.

తెలంగాణలో అమ్మే ప్రతి కారుతోనూ తెలుగు పుస్తకం ఇవ్వాలని కంపెనీలను, ఆ దిశగా ఒత్తిడి తేవాలని ప్రభుత్వాన్ని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ ఐటీఐలలో మోటారు మెకానిక్ విద్య చెప్పే అధ్యాపకులు, వేసవి మొదలయ్యే ముందు రెండు ఆదివారాలు కారు ఉన్నవాళ్లను పిలిచి కూలెంట్, బ్యాటరీ, టైర్లు చూసుకోవడం నేర్పితే ఎంతో మేలు. రుసుము పెట్టినా సరే, మొదటి పేరు నాది రాసుకోవచ్చు, రెండోది మా అన్న కొడుకుది.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
నల్గొండ